ఎవరికీ పట్టని స్వెటర్

స్వెటర్ అల్లాలని బుద్ధి పుట్టగానే ముందు బొత్తాలు కొనండి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎవరైనా ఎత్తిపొడిస్తే పొడవనివ్వండి. బొత్తాలు చేతికొచ్చాయంటే సగం స్వెటర్ అయిపోయినట్టే. తర్వాత రంగు, తర్వాత ఊలు, తర్వాత సూదులు. ఎవరి కోసం అన్నది ఆఖర్న చూసుకోవచ్చు. కొందరు దీన్ని తలకిందులు చేసి ముందు మనిషిని, ఆ మనిషి ఛాతీ కొలతని, దానికి తగ్గ డిజైనుని, డిజైనుకి తగ్గ ఊలుని, ఊలుకి తగ్గ సూదుల్ని వరసగా తేల్చుకుంటారు. వాళ్ల స్వెటర్ అనుకున్న మనిషికే సరిపోతుంది, కథ కంచికి వెళ్తుంది. మనది అలా కాదు. అల్లుడికని మొదలుపెట్టింది అల్లుడికి బిగిసిపోయి, వాళ్ల తమ్ముడికి పొట్టయి, వియ్యపురాలి చెల్లెలి కొడుకు దగ్గర కొన్నాళ్లుండి, చివరికి వాచ్‌మన్ మనవడి ఒంటి మీద తేలుతుంది. కొలత తప్పిన స్వెటర్‌కి ఉన్నంత బంధుబలగం కొలత కుదిరినదానికి ఎక్కడిది?

అసలు మనకి చలి ఎంత గనక! లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో తప్ప తెలుగునేల మీద స్వెటర్ బీరువాలోంచి దిగేది డిసెంబరు, జనవరుల్లోనే. అందుకని మనవాళ్ల అల్లికలో చాలాభాగం ఇద్దరికే పోతుంది. పుట్టబోయే పిల్లలకి, అమెరికా వెళ్లిపోయిన పిల్లలకి. కొలత ఇవ్వడానికి ఇద్దరూ ఎదురుగా ఉండరు. తప్పు చెయ్యడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

ఊలు

ఎన్ని ఉండలు కావాలో కొట్లో కుర్రాణ్ణి అడగండి. అతను మీ ముఖం వంక ఓసారి చూసి, "ఎనిమిది తీసుకెళ్లండమ్మా" అంటాడు. మీ అల్లుడు ఎంత పొడుగో అతనికి తెలియదు. మీరు సాదాగా అల్లుతారో జడల డిజైను వేస్తారో తెలియదు. జడలు వేస్తే గుడ్డ దగ్గరకి లాక్కుని, అదే వెడల్పుకి ఊలు ఎక్కువ తాగుతుందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. అయినా ఎనిమిది అన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది, నమ్మండి.

ఇంటికి రాగానే ఉండలకి చుట్టి ఉన్న కాగితం పట్టీలు చించి పారేయండి. ఉండ బరువెంత, పొడుగెన్ని మీటర్లు, ఏ సూదికి ఎన్ని కుట్లు పడతాయి, వేణ్ణీళ్లలో ఉతకొచ్చా కూడదా, ఇవన్నీ దాని మీద అచ్చేసి ఉంటాయి. చదివితే సందేహాలు వస్తాయి. పట్టీ మూల మీద సన్నటి అంకెల్లో లాటు నంబరు కూడా ఉంటుంది. దాన్ని అసలే చూడకండి. ఒక్కో కాగులో రంగు వేసిన ఊలుకి ఒక్కో నంబరు వేస్తారు. నంబరు మారితే రంగు వెంట్రుకవాసి మారుతుంది. కొట్లో ట్యూబులైటు కింద రెండూ ఒకటే మెరూను. అల్లేటప్పుడూ ఒకటే. అన్నీ కుట్టి, బొత్తాలు పెట్టి, వేసుకున్న మనిషి ఎండలోకి నడిచిన క్షణాన ఛాతీ మధ్యన అడ్డంగా ఒక గీత బయటపడుతుంది. పైన ఒక మెరూను, కింద ఒక మెరూను.

ఈ గీత కావాలంటే ముందు రెండు ఉండలు తక్కువ కొనాలి, సంక్రాంతి వెళ్లాక మళ్లీ అదే కొట్టుకి పోవాలి. ఒకే నంబరు ఉండలు సరిపోయేటన్ని, పైన ఇంకొకటి కలిపి కొని, మిగిలితే వెనక్కి తీసుకుంటారా అని బిల్లు దగ్గరే తేల్చుకునే రకాలు కొందరుంటారు. వాళ్ల సావాసం వద్దు. లాట్లు కలిసిపోయాయని తెలిశాక కూడా రెండు ఉండలూ పక్కపక్కన పెట్టుకుని, రెండు వరసలు దీనితో రెండు వరసలు దానితో మార్చి మార్చి అల్లి, తేడాని గుడ్డంతా కలిపేసేవాళ్లు ఇంకా ప్రమాదకరం. ఉన్న తేడాని ఉన్నట్టు చూపించే ధైర్యం లేదు వాళ్లకి.

ఊలు బదులు వేరే దారం వాడాలనిపిస్తే బరువు చూసి కొనండి, మీటర్లు చూడకండి. డబుల్ నిట్టింగ్ అనే మందంలో 50 గ్రాముల ఉన్ని ఉండ ఇంచుమించు 120 మీటర్లు వస్తుంది. నూలు బరువైనది, అదే మందంలో 50 గ్రాములు 85 మీటర్ల దగ్గరే అయిపోవచ్చు. అక్రిలిక్ తేలిక, 145 దాకా సాగుతుంది. డిజైనులో ఉన్ని పది ఉండలు అని రాస్తే 1200 మీటర్లని అర్థం. మీరు నూలు పది ఉండలు తెచ్చుకుంటే 850 మీటర్లు వచ్చాయి. తక్కువపడ్డ 350 మీటర్లు ఎక్కడ తేలతాయంటారా? పెద్దవాళ్ల స్వెటర్‌లో చేతులు రెండిటికీ కలిపి దాదాపు అంతే పడుతుంది. వెనక భాగం, ముందు భాగం అల్లి, భుజాలు కుట్టి, చేతులకి కుట్లు ఎక్కించే వేళకి బుట్ట ఖాళీ. చేతుల్లేని స్వెటర్ అల్లాలనే మొదట్నుంచీ అనుకున్నామని చెప్పుకోండి. ఎండదేశం, ఎవరైనా నమ్ముతారు.

ప్లై గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పోగులు లెక్కపెట్టి నాలుగుంటే ఫోర్ ప్లై అనుకోండి. నాలుగు లావు పోగులు పేనినా నాలుగే, నాలుగు సన్న పోగులు పేనినా నాలుగే కదా.

సూదులు

సూదిని మిల్లీమీటర్లలో అడక్కండి. నంబరు చెప్పండి. ఏ దేశం నంబరో చెప్పకండి.

మన బజార్లో సూదులకి పాత ఇంగ్లండు నంబర్లే నడుస్తున్నాయి. అవి ఇనప తీగల మందానికి వాళ్లు వాడిన అంకెలు. తీగని సాగదీసేకొద్దీ సన్నబడుతుంది గనక నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 8 నంబరు సూది 4 మి.మీ., 10 నంబరు మూడుంబావు మి.మీ., 12 నంబరు రెండుముప్పావు. అమెరికాలో దారి ఎదురు, అక్కడ నంబరు పెరిగితే సూది లావు. వాళ్ల 8 నంబరు 5 మి.మీ., వాళ్ల 10 నంబరు ఏకంగా 6 మి.మీ. ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్న కూతురు వాట్సాప్‌లో ఒక డిజైను పంపుతుంది: "అమ్మా, 8 నంబరు సూదులట." అమ్మ సికింద్రాబాద్ జనరల్ బజారుకి వెళ్లి 8 నంబరు సూదులు తెచ్చుకుంటుంది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ అన్న మాట నిజమే. స్వెటర్ మాత్రం ఇద్దరి మాటా వినదు.

ఆ డిజైను 40 అంగుళాల ఛాతీకి నాలుగంగుళాలకి 18 కుట్ల లెక్కన చుట్టూ 180 కుట్లు ఎక్కించమంటుంది. మిల్లీమీటరు సన్నపు సూదితో అమ్మ చేతికి నాలుగంగుళాలకి 22 పడ్డాయనుకోండి, 180 కుట్లూ 33 అంగుళాల దగ్గర ఆగిపోతాయి. పైగా లావు ఊలుని సన్న సూదితో కుక్కినందువల్ల గుడ్డ అట్ట కట్టి, నిలబెడితే నిలబడేంత గట్టిగా వస్తుంది. అల్లుడికి కాకపోయినా ఎనిమిదో తరగతి చదివే మనవడికి సరిపోతుందిలే అనుకుని ఇప్పుడే స్థిమితపడండి.

అమ్మమ్మ పెట్టెలో దొరికిన సూదులైతే మరీ శ్రేష్ఠం. మొదటి అంకె అరిగి, పక్కన సున్నా మాత్రం మిగిలి ఉంటుంది. వరసగా చిల్లులున్న రేకు పట్టీ ఒకటి అమ్ముతారు, సూది ఏ చిల్లులో సరిగ్గా దూరితే అది దాని మందం అని చెబుతుంది. చవకే. కొనకండి. కొంటే ఇంట్లో ఉన్న జతల్లో సగం జతలు కావని, ఒకటి 9, ఒకటి 10 అని బయటపడుతుంది. ముందువైపు నిట్ వరసకో మందం, వెనకవైపు పర్ల్ వరసకో మందం పడి స్వెటర్‌లో వచ్చే చారల్ని ఇన్నాళ్లూ డిజైనే అనుకుంటున్నాం మనం.

నమూనా ముక్క అనే అనుమానం

ప్రతి డిజైను మొదట్లోనూ ఒక వాక్యం ఉంటుంది: 4 మి.మీ. సూదులతో 22 కుట్లు, 30 వరసలు కలిస్తే 10 సెంటీమీటర్ల చదరం. దీన్నే గేజ్ అంటారు. సినిమాకి ముందు వేసే పొగాకు ప్రకటనలా దాన్ని దాటేసి అసలు కథలోకి వెళ్లండి.

కొందరికి అనుమానం జాస్తి. స్వెటర్ అల్లబోయే ఊలుతోనే, ఆ సూదులతోనే ఆరంగుళాల చదరం ముక్క ఒకటి అల్లుతారు. స్వెటర్‌ని ఎలా ఉతకబోతారో దాన్నీ అలాగే ఉతుకుతారు. బల్ల మీద పరిచి, లాగకుండా ఆరబెడతారు. అంచుల్లో కుట్లు వంకరపోతాయని అటూ ఇటూ వదిలేసి నడుమ నాలుగంగుళాల్లో లెక్కపెడతారు. డిజైను చెప్పినదానికంటే ఎక్కువ కుట్లు వస్తే లావు సూది, తక్కువ వస్తే సన్న సూది తీసుకుని మళ్లీ మొదలు. ఓ సాయంత్రం హారతి కర్పూరం. ఆ సాయంత్రంలో మీరైతే నడుం దగ్గర సాగే రిబ్బు అంచు మొత్తం అల్లేసి ఉండేవారు. దాన్ని నెల తర్వాత ఎలాగూ విప్పుతారనుకోండి, అది వేరే విషయం.

మరీ తప్పనిసరై ముక్క అల్లాల్సి వస్తే పదిహేను కుట్లు ఎక్కించి నాలుగు వరసలు అల్లి, సూది మీద ఉండగానే టేపు పెట్టండి. సూది మీద కుట్లని కాస్త జరిపితే కావలసిన అంకె వస్తుంది. ఒక్క అంగుళం కొలిచి ఊరుకోండి. ఐదున్నర వస్తే ఐదు అని రాసుకోండి. అర కుట్టు ఏపాటి!

ఆ అర కుట్టు పాటేమిటో చూద్దాం, సరదాకి. ఛాతీ 40 అంగుళాలు, అంగుళానికి 5 కుట్లు, చుట్టూ 200 కుట్లు. మీ చేతికి ఐదున్నర పడుతుంటే ఆ 200 కుట్లే 36 అంగుళాల పైచిలుకుతో ఆగుతాయి. నాలుగున్నర పడుతుంటే 44 దాటతాయి. ఒకటి ఇంటర్ కుర్రాడిది, ఇంకొకటి వాళ్ల పెదనాన్నది. ఊలు అదే, సూదులు అవే, కాగితం మీద డిజైను అదే. రెండు గుడ్డల్నీ పక్కపక్కన పెట్టినా చూపుకి తేడా చటుక్కున అందదు. ఒకదాంట్లో కుట్టు వెడల్పు 4.6 మి.మీ., రెండోదాంట్లో 5.6. తేడా ఒక్క మిల్లీమీటరు. దాన్ని 200తో హెచ్చవేస్తే ఇరవై సెంటీమీటర్లు.

వరసల లెక్కని ఇంకా నిశ్చింతగా వదిలేయొచ్చు. చేతికి 126 వరసలని రాసుంటే టేపు తియ్యకుండా 126 అల్లండి. పది సెంటీమీటర్లకి 30 వరసలు పడేవాళ్లకి 42 సెంటీమీటర్ల చెయ్యి వస్తుంది. 27 పడేవాళ్లకి అది 46 దాటి వేళ్ల మీదికి దిగుతుంది. చలికాలం కదా, గ్లౌజుల ఖర్చు కలిసొస్తుంది.

ముక్కని ఉతకడం మాత్రం ససేమిరా వద్దు. మెషిన్‌లో వేసినా ముడుచుకోకుండా శుద్ధి చేసిన ఉన్ని మొదటి తడికే బారెడు సాగుతుంది. ఎరుపు, తెలుపు కలిపి అల్లితే ఎరుపు వెళ్లి తెలుపులో కలుస్తుంది. ఈ రెండూ ఆరంగుళాల ముక్క మీద తెలిస్తే ఏం పండగ? పూర్తయిన స్వెటర్ మీద తెలియాలి గాని. ఆ ముక్కనే వంటింటి త్రాసు మీద పెట్టి ఊలు లెక్క కట్టే గడుసువాళ్లు కూడా ఉన్నారు. 36 చదరపు అంగుళాల ముక్క 9 గ్రాములు తూగింది. స్వెటర్ ముందూ వెనకా, చేతులూ కలిపి 1500 చదరపు అంగుళాలుంటే 375 గ్రాములు, రిబ్బుకీ కుట్టుకీ ఇంకో యాభై అరవై. ఎనిమిది ఉండలన్న కుర్రాడు ఆ లెక్కన ఉండ తక్కువ చెప్పాడని తేలుతుంది. పరాయి పిల్లాడి మీద నమ్మకం పోగొట్టుకోవడం మంచిది కాదు.

కొలత తప్పించడానికి సూది మార్పు కూడా బాగా పనిచేస్తుంది. ముక్క వెదురు సూదులతో, స్వెటర్ అల్యూమినియం సూదులతో అల్లండి. వెదురు దారాన్ని కాస్త పట్టి ఉంచుతుంది, అల్యూమినియం మీద అది జారుతుంది, చెయ్యి తనకి తెలియకుండానే తీరు మార్చుకుంటుంది. సీరియల్ చూస్తూ అల్లడం కూడా మంచిదే. అత్తగారి కుట్ర బయటపడే ఘట్టంలో కుట్లు బిగుస్తాయి, ప్రకటనల్లో వదులవుతాయి. అన్నిటికంటే ఖాయమైన పద్ధతి పని పంచుకోవడం. వీపు భాగం మీరు, ముందు భాగం మీ తోటికోడలు. ఏ ఇద్దరి చేతి బిగువూ ఒకటి కాదు. వీపు 38 అంగుళాల మనిషిది, ముందు 42 అంగుళాల మనిషిది అవుతుంది. పక్క కుట్లు వేసేటప్పుడు ఎవరిది తప్పన్న చర్చకి ఆ చలికాలం చాలదు.

నర్సాపురం వైపు క్రోషా లేసు అల్లే ఆడవాళ్లని చూసి కుళ్లుకోవడం అనవసరం. ఎగుమతి ఆర్డర్లకి వాళ్లకీ కొలతలుంటాయి. కాని టేబుల్ గుడ్డ అరంగుళం ఎక్కువైతే టేబుల్ ఊపిరాడక గింజుకోదు కదా, అదీ వాళ్ల అదృష్టం.

గేజ్ విషయంలో మన సరదా అంతా పాడుచేసిన మనిషి ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999). ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డావిడ. 1971లో ఆవిడ వేసిన పుస్తకం పేరు 'నిట్టింగ్ వితౌట్ టియర్స్'. కన్నీళ్లే లేకపోతే ఇక అల్లిక దేనికి? ఆవిడ లెక్క ఏమిటంటే, స్వెటర్ ఛాతీ అంగుళాల్ని అంగుళానికి పడే కుట్లతో హెచ్చవేసి వచ్చిన అంకెని నూరు శాతం అనుకోవడం. మణికట్టుకి అందులో 20 శాతం, చెయ్యి పైభాగానికి మూడో వంతు, మెడకి 40 శాతం. 200 కుట్ల స్వెటర్ అయితే 40, 66, 80. ఇక ఏ డిజైను పుస్తకం అక్కర్లేదు, ఎవరి సూది నంబరూ అక్కర్లేదు, మీ చేతికి ఎన్ని పడితే అన్నే సరైన కుట్లు. లెక్కంతా ఒక్క అంకె మీద నిలబడుతుంది. ఆ అంకె నమూనా ముక్క అల్లితే గాని రాదు. అందుకే ఆవిడని దూరం పెట్టమంటున్నా.

మనిషి కొలత

మనిషిని కొలవకండి, ఫొటో చూసి ఊహించండి. కొలవాల్సి వస్తే టేపు బిగించి కొలిచి, అంతకే అల్లండి. 40 అంగుళాల ఛాతీకి 40 అంగుళాల స్వెటర్. కింద చొక్కా ఉంటుందని, మనిషి ఊపిరి పీలుస్తాడని, కూర్చుంటాడని రెండు నుంచి నాలుగు అంగుళాలు వదులు వదిలేవాళ్ల లెక్కలో మనకి రావాల్సింది ఏమీ లేదు. అల్లుడికి ఇప్పటికే ఇష్టంగా వేసుకుంటున్న స్వెటర్ ఏదో ఉండే ఉంటుంది. దాన్ని మంచం మీద పరిచి, చంకల దగ్గర అడ్డంగా కొలిచి, రెండింతలు చేసి పంపమని కూతుర్ని అడిగితే రెండు నిమిషాల పని. కాని అడిగితే స్వెటర్ అల్లుతున్న సంగతి తెలిసిపోతుంది.

పసిపిల్లలకైతే వార్త తెలిసిన రోజే పుట్టిన బిడ్డ కొలతకి మొదలుపెట్టండి. మూడు నెలల బిడ్డ ఛాతీ సుమారు 16 అంగుళాలు, ఏడాదికి 18, రెండేళ్లకి 20. ప్రసవం ఏప్రిల్‌లో రాజమండ్రిలో అయితే, చలి వచ్చేసరికి పిల్లాడికి ఎనిమిది నెలలు నిండుతాయి, 16 అంగుళాల స్వెటర్ మెడలోనే ఆగిపోతుంది. పెద్దగా అల్లితే చేతులు మడిచి రెండు చలికాలాలు వేయొచ్చనే పొదుపు మాటలు వినకండి. టోపీ, మేజోళ్లు కలిపి సెట్టుగా అల్లి, నామకరణం నాడు ఫొటో తీసి, బీరువాలో పెట్టండి.

నల్ల ఊలు మొదటి స్వెటర్‌కి బాగుంటుంది. కరెంటు లేని సాయంత్రం జారిన కుట్టు కనబడదు. మోహేర్ ఇంకా బాగుంటుంది. దాని నూగు ఒకదాన్నొకటి పట్టుకుని విప్పనివ్వదు, కాబట్టి తప్పు తెలిసినా దిద్దుకునే బెడద లేదు.

పూర్తయ్యాక ఉతకడం. ఉన్నిని మరిగే నీళ్లలో వేసి గట్టిగా రుద్దండి, పోగులు పెనవేసుకుని రెండు సైజులు తగ్గి, కంబళి ముక్క తయారవుతుంది. అక్రిలిక్‌ని వేడి ఇస్త్రీతో అదమండి. పోగు సగం కరిగి, మెరుపెక్కి, రిబ్బు జీవం పోయి వేలాడుతుంది, మళ్లీ బిగియదు. ఏది ఉన్నో ఏది అక్రిలిక్కో తెలియాలంటే పట్టీ చూడాలి, పట్టీలు మొదటి రోజే పారేశాం గనక ఆ చిక్కు లేదు.

ఇక పార్సిల్. డిసెంబరులో చేరాలంటే డిసెంబరులోనే పంపండి. చేరాక వీడియో కాల్‌లో వేసుకుని చూపించమని పట్టుబట్టండి. అల్లుడు మర్యాదస్తుడు, అత్తగారి మాట కాదనడు, ఎలాగో తల దూర్చి, నడుం దాకా లాక్కుని, భుజాలు కాస్త ముందుకు వంచుకుని నిలబడి, "చాలా బావుందండీ అత్తయ్యగారూ" అంటాడు. చేతులు పైకెత్తమని మాత్రం అడక్కండి.